నార్డిక్ దేశాల బోర్డర్లు తెరిచే ఉంటాయి కదా, మరి భద్రత సంగతేంటి?

తమ్ముడు అడిగింది ఇదీ: నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, డెన్మార్క్ మధ్య బోర్డర్ దాటుతుంటే ఆపేవాళ్లే ఉండరంట, పక్కనేమో రష్యా, మరి వీళ్లు భద్రత ఎట్లా చూసుకుంటున్నారు, ఈ దేశాలు కలిసి పనిచేయడం నాటోలో చేరాకే మొదలైందా, సముద్రం అడుగున కేబుళ్లు తెగుతున్నాయంట ఆ సంగతేంటి అని. ఆగస్టులో చదువుకోడానికి స్వీడన్ ఉత్తరాన ఉన్న లూలియో ఊరికి వస్తున్నా అని కూడా రాశాడు కాబట్టి కొంచెం వివరంగానే చెప్తా. నేను పదమూడేళ్లుగా స్వీడన్ ఉత్తరాన సరుకు రవాణా పనిలో ఉన్నా, కస్టమ్స్ కాగితాలు, ట్రక్కుల రూట్లు, రైలు వ్యాగన్లు, ఇదే నా లోకం. సైన్యంలో పనిచేసినోడిని కాదు. కానీ బోర్డర్ అనేది నాకు రోజూ తగిలే వస్తువు, అది ఎప్పుడు పనిచేస్తుందో ఎప్పుడు పనిచేయదో దగ్గర నుంచి చూశా.

రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్తా. కాదు. అందరూ నాటోలో ఉండటం అన్నిటికంటే చివర్లో వచ్చింది.

అసలు రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక 1948-49లో స్వీడన్, నార్వే, డెన్మార్క్ కలిసి సొంతంగా ఒక రక్షణ కూటమి పెట్టుకుందామని నెలల తరబడి మాట్లాడుకున్నాయి, కుదరలేదు. స్వీడన్ ఏమో మనం ఎవరి పక్షం వద్దు అంది, 1940లో జర్మనీ చేతిలో ఆక్రమణ చూసిన నార్వే ఏమో పెద్ద దేశాల అండ లేకుండా నాకు నిద్ర పట్టదు అంది. చివరికి నార్వే, డెన్మార్క్, ఐస్‌లాండ్ 1949లో నాటోకి వెళ్లిపోయాయి, స్వీడన్ ఒంటరిగా ఉండిపోయింది, ఫిన్లాండ్‌కి 1948లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం మెడకి చుట్టుకుంది. అంటే అయిదుగురు అన్నదమ్ములు మూడు దారులు పట్టారు. మామూలుగా అయితే కథ అక్కడితో ముగియాలి.

కానీ వీళ్లు చేసిన తెలివైన పని ఏంటంటే, ఏ విషయంలో ఒప్పుకోలేకపోతున్నారో దాన్ని పక్కన పెట్టేసి మిగతావన్నీ ఒక్కొక్కటిగా మొదలెట్టారు. 1952లో ఈ దేశాల పార్లమెంటు సభ్యులు కలిసి కూర్చునే నార్డిక్ కౌన్సిల్ పెట్టారు, అదే ఏడాది తమ పౌరులు పాస్‌పోర్టు లేకుండా పక్క దేశానికి వెళ్లేలా చేసుకున్నారు, 1954లో ఎవరు ఏ దేశంలోనైనా ఉద్యోగం చేసుకోవచ్చు అన్నారు. ఫిన్లాండ్ మాస్కో ఏమంటుందో చూసుకుని చూసుకుని 1955లో చేరింది. సైన్యం గురించి ఆ కౌన్సిల్‌లో చర్చే ఉండేది కాదు. మధ్యలో దెబ్బలూ తిన్నారు, 1970లో నార్డెక్ అని ఉమ్మడి ఆర్థిక సంఘం దాదాపు సంతకాల దాకా వచ్చి ఫిన్లాండ్ వెనక్కి తగ్గడంతో పోయింది. అయినా మరుసటి ఏడే మంత్రుల మండలి పెట్టుకుని పని నడిపారు.

ఇక నా లోకంలోకి వస్తా, ఎందుకంటే నా ఉద్దేశంలో భద్రత ఇక్కడి నుంచే మొదలవుతుంది. స్వీడన్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది, నార్వే లేదు. అంటే ఈ రెండింటి మధ్య 1,600 కిలోమీటర్లకు పైన ఉన్న గీత లెక్క ప్రకారం యూరోపియన్ యూనియన్ బయటి కస్టమ్స్ సరిహద్దు. ప్రతి ట్రక్కూ రెండు చోట్ల ఆగాలి, అటు ఎగుమతి కాగితం, ఇటు దిగుమతి కాగితం. కానీ 1959లోనే ఈ రెండు దేశాలూ ఒక ఒప్పందం చేసుకున్నాయి, దాని ప్రకారం నార్వే కస్టమ్స్ ఆఫీసర్ స్వీడన్ తరఫున కూడా పని చేసేయొచ్చు, స్వీడన్ ఆఫీసర్ నార్వే తరఫున చేసేయొచ్చు. బోర్డర్ పొడవునా ఆఫీసులు ఉండే చోట్లు పంచుకున్నారు, ఇక్కడ నీది, అక్కడ నాది. నార్వేలోని నార్విక్ నుంచి స్వీడన్‌లోని కిరునా వైపు వచ్చే కొండ దారిలో చలికాలం మైనస్ పాతికలో డ్రైవర్ ఒకే కిటికీ దగ్గర నిలబడి ఒకే కట్ట కాగితాలు ఇస్తాడు, లోపలున్నావిడ వేసుకున్న యూనిఫాం ఒక దేశానిది, ఆవిడ కొట్టే ముద్ర చెల్లేది రెండు దేశాల్లో. నేను మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు అర్థం కాలేదు. మాది కోదాడ దగ్గర, మా నాన్నకి లారీ ఉండేది, జీఎస్టీ రాకముందు చెక్‌పోస్టుల దగ్గర లారీలు రాత్రుళ్లు ఎట్లా పడుండేవో చూసి పెరిగినోడిని. సొంత దేశంలో రెండు రాష్ట్రాల మధ్య అంత తంతు ఉంటే ఇక్కడ రెండు దేశాలు ఒకరి ముద్రని ఇంకొకరు నమ్మి వదిలేశారు.

ఆ నమ్మకం ఒక్కరోజులో వచ్చేది కాదు. అరవై ఏళ్లకు పైగా అదే ఆఫీసులో అదే పని చేస్తూ, అటు ఆఫీసర్ తప్పు చేస్తే ఇటు ఆఫీసర్ ఫోన్ చేసి సరిచేయించుకుంటూ, అట్లా అలవాటైంది.

ఇంకా దగ్గరగా చూడాలంటే హపరాండా, టోర్నియో చూడు. లూలియో నుంచి బస్సులో రెండు గంటల పైచిలుకు. మధ్యలో నది, 1809లో ఫిన్లాండ్ రష్యా చేతికి పోయినప్పుడు గీసిన గీత, ఇటు స్వీడన్ హపరాండా, అటు ఫిన్లాండ్ టోర్నియో. ఇటు క్రోనా, అటు యూరో. ఇటు టైం ఒకటి, అటు గంట ముందు. ఈ రెండు ఊళ్లూ 1987లో కలిసి ఒక ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి, రెండు భాషల్లో చదివే బడి ఉంది, రెండు ఊళ్ల మురుగునీరూ హపరాండాలో ఉన్న ఒకే ప్లాంటుకి వెళ్లి శుభ్రమవుతుంది. నువ్వు నవ్వొద్దు, నాకు మాత్రం అన్ని శిఖరాగ్ర సమావేశాల కంటే ఆ మురుగు ప్లాంటు మీదే గౌరవం ఎక్కువ. మురుగు పైపు కలిపేసుకున్న ఊళ్లు గొడవ పడితే రెండూ మునుగుతాయి, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అయితే ఇదంతా తిరుగులేనిది అనుకోవద్దు. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు ఫిన్లాండ్ బోర్డర్ మూసేసింది, ఈ రెండు ఊళ్ల మధ్య కంచె లేచింది. నేను సరుకు పని కాబట్టి కాగితాలు చూపించి దాటగలిగేవాణ్ణి. కంచెకి ఇటు ఒక పెద్దాయన కుర్చీ వేసుకుని, అటు ఆయన కూతురు పసిపిల్లని ఎత్తుకుని, మధ్యలో రెండు అడుగుల దూరం, కాఫీ ఫ్లాస్కు ఎవరిది వాళ్లు తెచ్చుకుని మాట్లాడుకోవడం చూశా. డెబ్బై ఏళ్ల అలవాటు ఒక్క వారంలో ఆగిపోయింది. ఆ తర్వాతి ఏడు 2021 మేలో మన రెండు తెలుగు రాష్ట్రాల మధ్య కోవిడ్ పేషెంట్ల అంబులెన్సులు మా కోదాడ వైపు రోడ్డు మీద ఆగిపోయి, చివరికి హైకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చినప్పుడు నాకు ఆ కంచే గుర్తొచ్చింది. భయం పుట్టగానే ప్రతి ప్రభుత్వం ముందు చేసే పని గేటు వేయడమే, ఎక్కడైనా. అంతకుముందు 2015-16లో శరణార్థులు వచ్చినప్పుడు కోపెన్‌హాగన్ నుంచి మాల్మో వచ్చే ఓరెసుండ్ రైళ్లలో కూడా ఇదే అయింది, 2000లో వంతెన తెరిచిన తర్వాత ఎన్నడూ లేనిది, 2016 జనవరి నుంచి రైలెక్కే ముందు ఐడీ చూపించాల్సి వచ్చింది, రోజూ అటు ఇటు ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు నానా అవస్థలు పడ్డారు.

ఇప్పుడు సైన్యం సంగతి. ఇది కూడా పైనుంచి కాదు, కింది నుంచే వచ్చింది. 2009లో నార్వే మాజీ విదేశాంగ మంత్రి థోర్వాల్డ్ స్టోల్టెన్‌బర్గ్ నార్డిక్ దేశాలకి పదమూడు సూచనలతో ఒక రిపోర్టు ఇచ్చాడు, అదే ఏడాది నార్డెఫ్కో అనే రక్షణ సహకార ఏర్పాటు వచ్చింది. అది కూటమి కాదు, ఒకరి మీద దాడి జరిగితే ఇంకొకరు రావాలనే షరతు లేదు. కానీ అప్పటి నుంచే ఉత్తరాన ఒక చిన్న పని మొదలైంది, నా దృష్టిలో అదే పెద్ద పని. నార్వేలో బోడో, స్వీడన్‌లో లూలియో, ఫిన్లాండ్‌లో రోవానియెమి, ఈ మూడు ఎయిర్‌బేస్‌ల నుంచి యుద్ధ విమానాలు దాదాపు వారం వారం ఎగిరి, గాల్లో కలుసుకుని, కలిసి సాధన చేసి, మళ్లీ ఎవరి బేస్‌లో వాళ్లు దిగిపోయేవి. హోటల్ ఖర్చు లేదు, పెద్ద ఆర్భాటం లేదు, సాయంత్రానికి పైలట్ తన ఇంట్లో భోజనం చేస్తాడు. అప్పుడు నార్వే మాత్రమే నాటోలో ఉంది. నార్వేది ఎఫ్-16, స్వీడన్‌ది గ్రిపెన్, ఫిన్లాండ్‌ది హార్నెట్, మూడూ వేర్వేరు విమానాలు. అయినా ఏళ్ల తరబడి ఒకే రేడియో పద్ధతి, ఒకే ఇంగ్లీషు మాటలు, ఒకళ్ల గొంతు ఇంకొకళ్లు గుర్తుపట్టేంత అలవాటు. 2013 నుంచి దాన్నే పెంచి ఆర్కిటిక్ ఛాలెంజ్ పేరుతో రెండేళ్లకోసారి పెద్ద విన్యాసం చేశారు. 2023 మార్చిలో నాలుగు దేశాల వాయుసేన అధిపతులు మా దాదాపు 250 యుద్ధ విమానాలని ఒకే దళంలా నడిపేలా చేస్తాం అని సంతకం పెట్టారంటే, అది గాల్లోంచి ఊడిపడింది కాదు. పద్నాలుగేళ్ల వారం వారం సాధన దాని వెనకుంది.

కొనుగోళ్లలో మాత్రం వీళ్లు చాలాసార్లు బోల్తా పడ్డారు, అది కూడా చెప్పాలి. అందరం ఒకటే హెలికాప్టర్ కొందాం అని మొదలెట్టి చివరికి డెన్మార్క్ ఒకటి, మిగతా ముగ్గురూ ఎన్‌హెచ్-90 తీసుకున్నారు, అవి అనుకున్నట్టు పనిచేయట్లేదని నార్వే 2022లో కాంట్రాక్టే రద్దు చేసేసింది. ఆర్చర్ ఫిరంగి స్వీడన్, నార్వే కలిసి తయారు చేయించుకుంటున్నారు అనుకుంటే 2013లో నార్వే తప్పుకుంది. అన్నదమ్ములు కలిసి పొలం దున్నుతారు కానీ ట్రాక్టర్ కలిసి కొనమంటే పేచీ వస్తుంది చూడు, అట్లా.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొత్తం లెక్క మార్చేసింది. మే 18న ఫిన్లాండ్, స్వీడన్ కలిసి నాటోకి దరఖాస్తు ఇచ్చాయి. ఫిన్లాండ్ 2023 ఏప్రిల్ 4న చేరింది, స్వీడన్ టర్కీ, హంగేరీ ఒప్పుకునేదాకా ఆగి 2024 మార్చి 7న చేరింది. దీంతో కొత్తగా వచ్చిందేంటంటే, ఇంతకుముందు కలిసి సాధన చేయగలిగేవాళ్లే కానీ యుద్ధం వస్తే ఎవరు ఎక్కడ నిలబడాలి అనే ప్లాన్ మాత్రం కలిసి పూర్తిగా రాసుకోలేకపోయేవాళ్లు. ఇప్పుడు రాసుకోవచ్చు. స్వీడన్ చేరిన ఆ వారంలోనే నార్డిక్ రెస్పాన్స్ విన్యాసం నడుస్తోంది, పదమూడు దేశాల నుంచి 20,000 మందికి పైగా సైనికులు, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ ఉత్తర భాగాల్లో. మా ట్రక్కులు వెళ్లే రోడ్ల మీదే మిలిటరీ కాన్వాయ్‌లు, మా షెడ్యూళ్లన్నీ తారుమారయ్యాయి.

అక్కడే అసలు బలహీనత బయటపడుతుంది. పటంలో ఇదివరకు అన్ని దారులూ ఉత్తరం దక్షిణంగా గీసినవే, ఇప్పుడు పడమర నుంచి తూర్పుకి కావాలి. ఫిన్లాండ్‌కి సాయం రావాలంటే బాల్టిక్ సముద్రం మీదుగా రావాలి, అది మూసుకుపోతే నార్వేలోని నార్విక్ రేవులో దిగి, స్వీడన్ కిరునా మీదుగా ఇనుప ఖనిజం రైలు మార్గంలో లూలియో వైపు, అక్కడి నుంచి హపరాండా. ఆ ఖనిజం లైను చాలావరకు సింగిల్ ట్రాకే. 2023 డిసెంబర్‌లో అక్కడ ఒక ఖనిజం రైలు పట్టాలు తప్పితే దాదాపు రెండు నెలలు లైను మూతపడింది, తెరిచిన కొన్ని రోజులకే ఫిబ్రవరిలో ఇంకో రైలు పట్టాలు తప్పింది. ఆ చలికాలం నేను ఉత్తర నార్వే దుకాణాలకి వెళ్లాల్సిన సరుకు రోడ్డెక్కించడానికి ట్రక్కుల కోసం ఎంతమంది కాళ్లు పట్టుకున్నానో. ఒక్క బోగీ చక్రం తేడా వస్తే మామూలు రోజుల్లోనే ఇంత అయితే, యుద్ధం రోజుల్లో ఏంటి పరిస్థితి అని ఇక్కడ సైన్యం వాళ్లూ అడుగుతున్నారు.

హపరాండా చేరాక ఇంకో కథ. స్వీడన్ పట్టాల మధ్య వెడల్పు 1,435 మిల్లీమీటర్లు, ఫిన్లాండ్‌ది 1,524. రష్యా జార్ల కాలంలో వేసిన గేజ్ అది. మన దగ్గర మీటర్ గేజ్ నుంచి బ్రాడ్ గేజ్‌కి మారే స్టేషన్లలో సామాన్లు దింపి ఎక్కించిన కాలం పెద్దవాళ్లని అడుగు, అదే ఇక్కడ ఇప్పటికీ. నది మీద రైలు వంతెన మీద రెండు గేజ్‌ల కోసం నాలుగు పట్టాలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, పైనుంచి చూస్తే అల్లిన జడలా ఉంటుంది. స్వీడన్ వ్యాగన్ ఆ వంతెన దాటుతుంది కానీ ఆపైన ఫిన్లాండ్ లోపలికి పోలేదు, కంటైనర్ ఎత్తి ఇంకో వ్యాగన్ మీద పెట్టాల్సిందే. ఒక్కో కంటైనర్‌కి కొన్ని నిమిషాలే పట్టొచ్చు, కానీ ట్యాంకులతో ఉన్న పొడుగాటి రైలుకి లెక్కేసుకో. ఫిన్లాండ్ ఉత్తరాన యూరోపియన్ గేజ్ వేయాలని 2025లో ప్లానింగ్ మొదలెట్టింది, పూర్తవడానికి చాలా ఏళ్లు పడుతుంది.

ఇక తూర్పు వైపు సంగతి చెప్పకపోతే నా జవాబు సగమే అవుతుంది, ఎందుకంటే ఈ అలవాటు మంత్రం రష్యాతో కూడా వేసి చూశారు, కొన్నాళ్లు పనిచేసింది కూడా. 1993 జనవరిలో నార్వే చివర ఉన్న కిర్కెనెస్ ఊళ్లో బారెంట్స్ సహకారం మొదలెట్టారు, రష్యా, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ ఉత్తర జిల్లాలు కలిసి వైద్యం, చదువు, ఆటలు, ప్రమాదాల్లో సాయం. 2010లో నార్వే, రష్యా నలభై ఏళ్లుగా తెగని సముద్ర సరిహద్దు గొడవని ముర్మాన్స్క్‌లో సంతకం పెట్టి తేల్చుకున్నాయి, దాదాపు 1,75,000 చదరపు కిలోమీటర్ల సముద్రం, చెరి సగం. 2012 నుంచి బోర్డర్‌కి అటూ ఇటూ 30 కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్లకి వీసా లేకుండా రాకపోకలు. కిర్కెనెస్‌లో వీధి పేర్ల బోర్డుల మీద రష్యన్ అక్షరాలు ఉండేవి, నేను వెళ్లినప్పుడు చూశా, దుకాణాల్లో వాళ్ల కోసం పెట్టిన పిల్లల డైపర్ల గుట్టల గురించి అక్కడి షాపు ఆయన చెప్తుంటే ఆయన గొంతులో బాధ తెలిసింది. 2022 మార్చిలో రష్యాతో బారెంట్స్ సహకారం పనులు ఆపేశారు, 2023 సెప్టెంబర్‌లో రష్యానే బారెంట్స్ మండలి నుంచి వెళ్లిపోయింది. ఫిన్లాండ్ అయితే, వలస వచ్చేవాళ్లని రష్యా కావాలని మా బోర్డర్‌కి తోస్తోంది అని 2023 చివర్లో తన 1,340 కిలోమీటర్ల బోర్డర్ మీద మనుషులు దాటే గేట్లన్నీ మూసేసింది.

అంటే కింది స్థాయిలో ఎంత స్నేహం ఉన్నా పైన కూర్చున్నవాడు ఒక్క సంతకంతో కాదంటే అంతే. స్వీడన్, నార్వేల మధ్య ఆ పైవాడి మీద కూడా నమ్మకం ఉంది, అదీ తేడా. అయినా ఒకటి చెప్పాలి, బారెంట్స్ సముద్రంలో కాడ్ చేపల కోటా మాత్రం నార్వే, రష్యా 2022 తర్వాత కూడా ఏటా కూర్చుని పంచుకుంటూనే ఉన్నాయి, 1970ల నుంచి నడుస్తున్న ఉమ్మడి కమిషన్ అది. చేప పిల్లలు ఒకళ్ల నీళ్లలో పెరిగి ఇంకొకళ్ల నీళ్లలోకి వెళ్తాయి, ఒకడు విచ్చలవిడిగా పట్టేస్తే ఇద్దరికీ చేప ఉండదు.

సముద్రం అడుగున కేబుళ్ల గురించి కూడా అడిగావు. 2023 అక్టోబర్‌లో ఫిన్లాండ్, ఎస్టోనియా మధ్య గ్యాస్ పైపు ఒక ఓడ లంగరు తగిలి తెగింది, 2024 క్రిస్మస్ రోజు అవే రెండు దేశాల మధ్య ఎస్ట్‌లింక్-2 కరెంటు కేబుల్ తెగింది. ఈసారి ఫిన్లాండ్ వాళ్లు ఆలస్యం చేయలేదు, తెంచిందని అనుమానం వచ్చిన ఈగిల్ ఎస్ అనే ట్యాంకర్‌ని తమ నీళ్లలోకి పిలిపించి హెలికాప్టర్లలో దిగి పట్టుకున్నారు. 2025 జనవరిలో నాటో బాల్టిక్‌లో గస్తీ పెంచింది. కానీ కేసు హెల్సింకీ కోర్టుకి వెళ్తే, సంఘటన మన జలాల బయట జరిగింది, విచారించే అధికారం మాకు లేదు అని 2025 అక్టోబర్‌లో కోర్టు కొట్టేసింది. పట్టుకునే ఓడలున్నాయి, శిక్షించే చట్టం లేదు. ఈ ఖాళీ నిజంగా ప్రమాదం, దీన్ని ఎట్లా పూడుస్తారో తేల్చుకోకపోతే ఇంకోటి తెగుతుంది.

చివరగా నీకు పనికొచ్చే మాటలు. ఈ ఫ్రీ బోర్డర్ అంతా నార్డిక్ పౌరుల కోసం పెట్టుకున్నది. నీ దగ్గర స్వీడన్ రెసిడెన్స్ కార్డు ఉంటే షెంగెన్ (యూరప్ దేశాల మధ్య మామూలుగా పాస్‌పోర్టు తనిఖీ లేని ఏర్పాటు) కింద నార్వే, ఫిన్లాండ్ తిరిగి రావచ్చు కానీ అక్కడ ఉద్యోగం చేయడానికి అది చెల్లదు. మాల్మోలో ఉంటూ కోపెన్‌హాగన్‌లో పార్ట్‌టైం చేద్దామని మన పిల్లలు చాలామంది అనుకుంటారు, డెన్మార్క్ పర్మిట్ వేరే కావాలి, లేకుండా చేస్తే రెండు దేశాల్లోనూ చిక్కే. పక్క దేశానికి పోతే ఎవరూ అడగకపోయినా పాస్‌పోర్టు, కార్డు రెండూ జేబులో పెట్టుకో, చెకింగ్ ఎప్పుడు పెడతారో ముందు చెప్పరు.

ఇంకోటి, లూలియోలో గది దొరికాక నీళ్ల క్యాన్లు, టార్చి, బ్యాటరీ రేడియో కొని పెట్టుకో. యుద్ధం గానీ సంక్షోభం గానీ వస్తే ఏం చేయాలో చెప్పే పుస్తకం 2024 నవంబర్ నుంచి స్వీడన్‌లో ఇంటింటికీ పంచారు, అందులో వారం రోజులు సొంతంగా గడిపేలా ఉండమని ఉంది. నార్వే కూడా వారం అంటుంది, ఫిన్లాండ్ 72 గంటలు, డెన్మార్క్ మూడు రోజులు. మా అమ్మాయి ఆ పుస్తకం మొత్తం చదివి, టోర్నియోలో ఉన్న తన ఫ్రెండ్‌కి ఫోన్ చేసి, మీకు మూడు రోజులకే ఉంటే మిగతా నాలుగు రోజులు మా ఇంటికొచ్చేయండి, మా దగ్గర నీళ్లు ఉన్నాయి అని చెప్పింది.